అమెరికాలో మోకాలి ఎక్స్‌రే ధర

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో మోకాలి ఎక్స్‌రేకి ఇంత అని చెప్పగల ధర లేదు. ఒకే ఊళ్లో, ఒకే రకం యంత్రం మీద, అవే మూడు కోణాల్లో తీసిన చిత్రాలకు ఒకరు ఏమీ కట్టకుండా ఇంటికి వెళ్తారు. ఒకరు యాభై డాలర్లతో బయటపడతారు. మరొకరికి నెల తిరిగాక వందల డాలర్ల బిల్లు పోస్టులో వస్తుంది, దాని వెనకే రేడియాలజిస్టు పేరిట ఇంకో బిల్లు వస్తుంది. పరీక్ష చూస్తే అతి మామూలుది. సూది గుచ్చరు, మందు ఎక్కించరు, గంటల తరబడి కూర్చోబెట్టరు. పెద్ద శస్త్రచికిత్సల ధరల్లో తేడా ఉంటే రోగి పరిస్థితి అనో, సర్జన్ నైపుణ్యం అనో కారణం చెప్పుకోవచ్చు. కొద్ది నిమిషాల్లో ముగిసే ఎక్స్‌రే దగ్గర ఆ కారణాలేవీ నిలవవు. అందుకే ఆ దేశంలో వైద్యం ధరలు ఎలా పుడతాయో అర్థం చేసుకోవడానికి దీనంత తేటైన ఉదాహరణ దొరకదు.

పరీక్ష, దాని కోడు

అమెరికాలో డాక్టర్ల సేవలకూ పరీక్షలకూ బిల్లు వెయ్యాలంటే సాధారణంగా ఐదంకెల సీపీటీ కోడు కావాలి. ఈ కోడ్ల పుస్తకాన్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో మొదటిసారి తెచ్చింది. దాని మీద హక్కులు ఇప్పటికీ ఆ సంఘానివే. మోకాలి ఎక్స్‌రేకి నాలుగు కోడ్లు వాడుకలో ఉన్నాయి. ఒకటో రెండో చిత్రాలు తీస్తే 73560, మూడు తీస్తే 73562, నాలుగు గాని అంతకు మించి గాని తీస్తే 73564. రోగిని నిలబెట్టి, రెండు మోకాళ్లూ ఒకే చిత్రంలో పడేలా ఎదురుగా తీస్తే 73565.

డాక్టరు "మోకాలి ఎక్స్‌రే" అని రాసినా, ఎన్ని చిత్రాలు తీశారన్న దాన్ని బట్టి కోడు మారుతుంది, కోడును బట్టి ధర మారుతుంది. విడివిడిగా రెండు మోకాళ్లకూ తీస్తే కోడు రెండుసార్లు పడుతుంది. ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ లెక్కలో రెండో మోకాలికి తగ్గింపు కూడా ఉండదు.

నిలబెట్టి తీయడానికి ఒక కారణం ఉంది. శరీరం బరువు పడినప్పుడే కీలులో ఎముకల మధ్య ఎడం ఎంత తగ్గిందో, అంటే మృదులాస్థి ఎంత అరిగిందో సరిగ్గా తెలుస్తుంది. పడిపోయి ఎమర్జెన్సీకి వెళ్లినవాళ్లకి మంచం మీద పడుకోబెట్టి తీస్తారు. ఎముక విరిగిందా లేదా అని చూడటానికి అది చాలు. రెండు వారాల తర్వాత అదే రోగి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన మళ్లీ నిలబెట్టి తీయమంటాడు. అలా ఒకే నొప్పికి రెండు బిల్లులు పడతాయి. ఇందులో వైద్యపరంగా తప్పేమీ లేదు. పాత చిత్రం చేతిలో లేనందువల్లే మళ్లీ తీస్తే మాత్రం అది దండగ ఖర్చు. తన చిత్రాల కాపీ అడిగి తీసుకునే హక్కు రోగికి హిపా అనే వైద్య సమాచార చట్టం ప్రకారం ఉంది.

అసలు ఎక్స్‌రే అవసరమా అన్న ప్రశ్నకు కూడా కొలమానం ఉంది. 1990లలో కెనడాలోని అటవాలో ఇయన్ స్టీల్ అనే ఎమర్జెన్సీ వైద్యుడి బృందం తయారుచేసిన నియమాలు అమెరికా ఎమర్జెన్సీల్లోనూ వాడతారు. దెబ్బ తగిలిన రోగి వయసు 55 అంతకు మించి ఉండటం, మోకాలిచిప్ప మీద మాత్రమే నొక్కితే నొప్పి ఉండటం, కాలి పక్క ఎముక తల దగ్గర నొప్పి ఉండటం, మోకాలు 90 డిగ్రీల దాకా మడవలేకపోవడం, నాలుగడుగులు బరువు మోపి నడవలేకపోవడం. వీటిలో ఒక్కటీ లేకపోతే కొత్త దెబ్బకి ఎక్స్‌రే అక్కర్లేదు. అన్నిటికన్నా చవకైన ఎక్స్‌రే తీయించుకోనిదే మరి.

రెండు పద్దులు

ఎక్స్‌రే బిల్లులో రెండు భాగాలుంటాయి. గది, యంత్రం, టెక్నాలజిస్టు జీతం, కరెంటు, కంప్యూటర్లలో చిత్రాలు దాచే ఏర్పాటు ఒక భాగం. దీన్ని టెక్నికల్ అంటారు. చిత్రాన్ని చూసి రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చే వైద్యుడి రుసుము రెండోది, దీన్ని ప్రొఫెషనల్ అంటారు. ఎముకల డాక్టరు తన క్లినిక్‌లోనే తీసి తనే చదివితే రెండూ కలిపి ఒకే బిల్లు. ఆసుపత్రిలో తీస్తే ఆసుపత్రి ఒకటి, రేడియాలజిస్టుల బృందం ఇంకొకటి, రెండు వేర్వేరు కవర్లలో పంపుతాయి. కౌంటరు దగ్గర డబ్బు కట్టేసి అంతా అయిపోయిందనుకున్న రోగి, రెండో కవరు చూసి ఇదేదో పొరపాటని అనుకోవడం ఇక్కడ మామూలే. అది పొరపాటు కాదు. ధర అడిగేటప్పుడు "చదివే రుసుము కూడా కలిపేనా?" అని అడగకపోతే వచ్చే చిక్కు.

సొంత క్లినిక్‌లో ఎక్స్‌రే తీసుకునే వెసులుబాటు వెనక కూడా ఒక చట్టం కథ ఉంది. కాలిఫోర్నియా కాంగ్రెస్ సభ్యుడు పీట్ స్టార్క్ పేరుతో 1989లో మొదలైన స్టార్క్ చట్టాలు, వైద్యులు తమకు ఆర్థిక ప్రయోజనం ఉన్న చోటికి మెడికేర్ రోగుల్ని పంపడాన్ని అడ్డుకున్నాయి. అయితే తన క్లినిక్‌లోనే చేసే అనుబంధ పరీక్షలకు షరతులతో మినహాయింపు ఇచ్చాయి. ఎముకల డాక్టర్ల క్లినిక్కుల్లో ఎక్స్‌రే గది ఉండటానికి ఈ మినహాయింపే వీలు కల్పిస్తోంది. డాక్టరుకు ఎక్కువ పరీక్షలు రాసే ఆశ పుట్టిస్తుందని దీనిమీద విమర్శ ఉంది. ధర వరకే చూస్తే, ఆసుపత్రి గదిలో కంటే ఇక్కడే రోగికి సాధారణంగా తక్కువ పడుతుంది.

మెడికేర్ లెక్క

65 ఏళ్లు నిండినవారికి, కొందరు వికలాంగులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికేర్. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 జూలై 30న ఆ చట్టం మీద సంతకం చేశాడు. మెడికేర్ చెల్లించే రేట్లు బహిరంగం కాబట్టి, మిగతా ధరల్ని కొలవడానికి అందరూ దాన్నే గజంబద్దగా వాడతారు.

1992 నుంచి మెడికేర్ వైద్యులకు ఇచ్చే రుసుము హార్వర్డ్ ఆర్థికవేత్త విలియం షియావ్ బృందం రూపొందించిన పద్ధతిలో నడుస్తోంది. ప్రతి కోడుకూ వైద్యుడి శ్రమకి కొన్ని, నిర్వహణ ఖర్చుకి కొన్ని, వృత్తి బీమాకి కొన్ని చొప్పున యూనిట్లు ఉంటాయి. వాటిని ఆ ప్రాంతపు ఖర్చులకు సరిచేసి, ఏటా ప్రకటించే డాలరు గుణకంతో హెచ్చిస్తారు. 2025లో ఆ గుణకం దాదాపు 32.35 డాలర్లు. మూడు చిత్రాల మోకాలి ఎక్స్‌రే చదవడంలో వైద్యుడి శ్రమకి ఇచ్చిన విలువ 0.18 యూనిట్లు. మోకాలి కీలు మార్పిడి శస్త్రచికిత్సకి అది 20కి దగ్గర. చదివినందుకు రేడియాలజిస్టుకు మెడికేర్ నుంచి వచ్చేది మొత్తం మీద పది డాలర్ల లోపే. యంత్రం, గది కలిపి డాక్టరు క్లినిక్‌లో తీసిన మొత్తం పరీక్షకి సుమారు 40 డాలర్లు.

అదే పరీక్ష ఆసుపత్రి అవుట్‌పేషెంట్ విభాగంలో జరిగితే లెక్క వేరు. 2000 ఆగస్టు నుంచి ఆసుపత్రులకు మరో రేట్ల పట్టిక అమల్లో ఉంది. అందులో మామూలు ఎక్స్‌రేల వర్గానికి ఈమధ్య ఏళ్లలో 80 నుంచి 90 డాలర్ల మధ్య ఇస్తున్నారు, చదివే రుసుము దీనికి అదనం. అంటే ప్రభుత్వమే, ఒకే మోకాలికి, ఒకే చిత్రానికి, తలుపు మీది బోర్డును బట్టి రెట్టింపుకు పైగా చెల్లిస్తోంది. రోగి వాటా 20 శాతం కాబట్టి క్లినిక్‌లో ఎనిమిది డాలర్లు పడేది ఆసుపత్రిలో పందొమ్మిది ఇరవై పడుతుంది. 2025లో మొదటి 257 డాలర్ల డిడక్టిబుల్, అంటే ఏడాదిలో ముందుగా రోగే భరించాల్సిన మొత్తం, తీరేదాకా అయితే అంతా రోగిదే.

ఆసుపత్రులు దీనికి చెప్పే సమాధానం కొట్టిపారేసేది కాదు. రాత్రీ పగలూ తలుపులు తెరిచి ఉంచాలి, డబ్బు లేనివాణ్నీ ఎమర్జెన్సీలో చూడాలి, ఆ ఖర్చంతా ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి అంటాయి. నిజమే. కాని గత రెండు మూడు దశాబ్దాల్లో ఆసుపత్రులు ఊళ్లోని డాక్టర్ల క్లినిక్కుల్ని కొనేసి, అదే భవనాన్ని, అదే యంత్రాన్ని "ఆసుపత్రి విభాగం"గా మార్చి ఎక్కువ రేటు తీసుకున్న చోట ఈ వాదం పలచబడుతుంది. అక్కడ రాత్రి పూట తలుపులు మూసే ఉంటాయి. 2015 నవంబరులో బైపార్టిసన్ బడ్జెట్ చట్టం ఈ దారిని కొంత మూసింది. ఆ తర్వాత ప్రధాన ప్రాంగణానికి దూరంగా కొత్తగా తెరిచిన విభాగాలకు 2018 నుంచి ఆసుపత్రి రేటులో 40 శాతమే ఇస్తున్నారు. అప్పటికే ఉన్నవాటిలో చాలావాటికి పాత రేటే సాగింది. ప్రైవేటు బీమాలకు ఈ నియమం వర్తించదు.

ధరను యంత్రం ప్రభావితం చేసిన సందర్భం ఒకటుంది, అదీ మెడికేర్ పుణ్యమే. డిజిటల్‌కి మారమని ఒత్తిడి తేవడానికి, ఫిల్ము మీద తీసే ఎక్స్‌రేలకు 2017 నుంచి టెక్నికల్ భాగంలో 20 శాతం కోత పెట్టారు. క్యాసెట్‌తో తీసే పాత డిజిటల్ పద్ధతికి 2018లో 7 శాతం, 2023 నుంచి 10 శాతం కోత. కొత్త యంత్రం కొన్నవాడు ధర పెంచాడన్న మాట మనం వింటుంటాం. ఇక్కడ పాత యంత్రం ఉన్నవాడికి ధర తగ్గింది.

పేదల బీమా అయిన మెడికెయిడ్‌లో రేట్లు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. రోగి కట్టేది నామమాత్రం, చాలాచోట్ల ఏమీ ఉండదు.

చార్జ్‌మాస్టర్

ప్రతి ఆసుపత్రికీ తన సేవలన్నిటికీ ధరలు రాసుకున్న పెద్ద జాబితా ఉంటుంది. దాని పేరు చార్జ్‌మాస్టర్. వందల డాలర్ల మోకాలి ఎక్స్‌రే, కొన్నిచోట్ల వెయ్యి దాటిన ఎక్స్‌రే కనిపించేది ఇందులోనే. ఈ అంకెకూ అసలు ఖర్చుకూ ఉన్న సంబంధం చాలా పలచన. జాతరలో గాజులమ్మేవాడు బేరం చేసేవాళ్లు వస్తారని ముందే మూడింతలు చెప్పినట్టే ఇదీ. బీమా కంపెనీ కూర్చుని జాబితా ధర మీద ఇంత శాతం తగ్గించమని బేరమాడుతుంది. తగ్గించాక కూడా మిగలాలంటే జాబితా ధర ముందే పెంచి ఉంచాలి. ఏళ్ల తరబడి ఇలాగే పెరిగింది.

బేరమాడేవాడి కోసం వేసిన ధర, బేరమాడే తాహతు లేనివాడి నెత్తిన పడటం ఇందులోని అన్యాయం. బీమా లేని కూలీకి చాలాకాలం పాటు పూర్తి జాబితా ధరతోనే బిల్లు వెళ్లేది. 2013లో టైమ్ పత్రికలో స్టీవెన్ బ్రిల్ రాసిన సుదీర్ఘ పరిశోధన వ్యాసం చార్జ్‌మాస్టర్ అనే మాటను సామాన్య పాఠకుల దాకా తెచ్చింది. 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం లాభాపేక్ష లేని ఆసుపత్రుల విషయంలో ఒక గీత గీసింది. అవి ఆర్థిక సహాయ విధానం రాసి ప్రకటించాలి, సహాయానికి అర్హుడైన రోగి దగ్గర బీమా ఉన్నవాళ్ల నుంచి సాధారణంగా వసూలయ్యే మొత్తాన్ని మించి తీసుకోకూడదు. ఆ విధానం ఉందని రోగికి తెలిస్తేనే కదా అడిగేది. దరఖాస్తు ఫారం ఆసుపత్రి వెబ్‌సైటులో ఉంటుంది, బిల్లింగ్ విభాగాన్ని అడిగితే ఇస్తారు.

ఒప్పందం ధర

ఉద్యోగం ద్వారా బీమా ఉన్నవాళ్లకి వర్తించేది మూడో ధర. ఇది బీమా కంపెనీకీ ఆసుపత్రికీ మధ్య కుదిరిన ఒప్పందం ధర. ఒకే ఆసుపత్రిలో ఐదు బీమాలకు ఐదు ధరలుండవచ్చు, ఒకే బీమా కంపెనీ అమ్మే రెండు పథకాలకు రెండు ధరలుండవచ్చు. ర్యాండ్ పరిశోధన సంస్థ 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2022లో ప్రైవేటు బీమాలు ఆసుపత్రులకు సగటున మెడికేర్ రేటుకు 254 శాతం చెల్లించాయి. అంటే రెండున్నర రెట్లు.

ఎవరికి ఎంత పలుకుతుందో నిర్ణయించేది బలం. ఊళ్లో ఒకే ఆసుపత్రి ఉంటే బీమా కంపెనీ దాన్ని కాదని పథకం అమ్మలేదు. జాక్ కూపర్, స్టువర్ట్ క్రెయిగ్, మార్టిన్ గేనర్, జాన్ వాన్ రీనన్ ప్రైవేటు బీమా క్లెయిములు పరిశీలించి 2019లో ప్రచురించిన పరిశోధనలో, పోటీ లేని ఆసుపత్రుల ధరలు నలుగురు గాని అంతకు మించి గాని పోటీదారులున్న చోటికంటే 12 శాతం ఎక్కువని తేలింది. వాళ్లు పోల్చిన సేవల్లో కాలి ఎమ్మార్ఐ కూడా ఉంది. ఎవరు తీసినా ఒకేలా ఉండే అలాంటి పరీక్షకి కూడా ఒకే నగరంలో, కొన్నిసార్లు ఒకే ఆసుపత్రిలో ధరలు చెదిరిపోయి ఉన్నాయి.

రోగి జేబులోంచి పోయేది

ధర వేరు, రోగి కట్టేది వేరు. ఈ రెండింటి మధ్య నిలిచేది డిడక్టిబుల్. ఏడాదిలో మొదట ఇన్ని డాలర్లు రోగే భరించాలి, ఆ తర్వాతే బీమా చెయ్యి వేస్తుందన్న హద్దు అది. కేఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య విధాన పరిశోధన సంస్థ ఏటా జరిపే సర్వే ప్రకారం 2024లో ఉద్యోగ బీమాలో డిడక్టిబుల్ ఉన్న ఒంటరి ఉద్యోగికి అది సగటున 1,787 డాలర్లు. 2003 చట్టంతో వచ్చిన ఆరోగ్య పొదుపు ఖాతా కావాలంటే ఎక్కువ డిడక్టిబుల్ ఉన్న పథకమే తీసుకోవాలి. ఐటీ ఉద్యోగుల్లో పన్ను ఆదా కోసం దాన్ని ఎంచుకునేవారు చాలామంది.

లెక్క కోసం ఒక ఊహ చేద్దాం. ఒక బీమాకి ఆసుపత్రిలో ఒప్పందం ధర 300 డాలర్లు, ఎక్స్‌రేలు, స్కాన్లు మాత్రమే తీసే ఊళ్లోని ఇమేజింగ్ సెంటర్లో 60 అనుకుందాం. డిడక్టిబుల్ తీరనివాడు జనవరిలో ఆసుపత్రికి వెళ్తే 300 మొత్తం అతనివే. అదే మనిషికి జూన్‌లో అపెండిక్స్ ఆపరేషనై డిడక్టిబుల్ తీరిపోతే, నవంబరులో తీయించుకున్న అదే ఎక్స్‌రేకి 20 శాతం వాటా చొప్పున 60 కడతాడు. ఏడాదికి కట్టాల్సిన గరిష్ఠ మొత్తం కూడా దాటిపోయిన అతని సహోద్యోగి ఏమీ కట్టడు. మోకాలు మారలేదు, ధరా మారలేదు. నెల మారింది. ఇమేజింగ్ సెంటరుకు వెళ్లి ఉంటే జనవరిలోనే 60తో పోయేది.

ఇంకో వింత కూడా ఉంది. బీమా కార్డు చూపించకుండా నగదు కడతానంటే చాలా ఇమేజింగ్ సెంటర్లు, అర్జెంట్ కేర్ క్లినిక్కులు ఒప్పందం ధరకన్నా తక్కువకే తీస్తాయి. బీమాతో ఉత్తరప్రత్యుత్తరాల బాధ, వసూలు కాని బాకీల బెడద ఉండవు కాబట్టి వాళ్లకీ అది లాభసాటే. అయితే అలా కట్టిన డబ్బు సాధారణంగా డిడక్టిబుల్ ఖాతాలో జమ కాదు. ఆ ఏడాది పెద్ద వైద్యం ఏదీ రాదనుకునేవాడికి ఇది మంచి బేరం. మోకాలి ఆపరేషన్ ముందుందని తెలిసినవాడికి కాదు.

ఎమర్జెన్సీ గదిలో ఎక్స్‌రే ధర బిల్లులో చిన్న పంక్తి. ఆ తలుపు దాటి లోపలికి వచ్చినందుకే రోగి పరిస్థితి తీవ్రతను బట్టి 99281 నుంచి 99285 దాకా ఐదు మెట్లలో ఆసుపత్రి రుసుము పడుతుంది, డాక్టరు రుసుము వేరే. మోకాలు వాచింది గాని నడవగలుగుతున్నవాడు అర్జెంట్ కేర్‌కి వెళ్తే సరిపోయేదానికి ఎమర్జెన్సీకి వెళ్తే, ఆ బిల్లు చూసి ఎక్స్‌రే ధర గురించి ఆలోచించడమే మానేస్తాడు.

ధర చెప్పమన్న చట్టాలు

ఆసుపత్రులు ధరల్ని దాచుకున్న కాలం 2021 జనవరి 1తో, కనీసం కాగితం మీద, ముగిసింది. 2019 జూన్‌లో ట్రంప్ ఇచ్చిన కార్యనిర్వాహక ఆదేశం నుంచి పుట్టిన నిబంధన అది. దాన్ని ఆపమని అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ కోర్టుకెక్కింది, 2020 డిసెంబరులో అప్పీలు కోర్టులోనూ ఓడింది. దాని ప్రకారం ప్రతి ఆసుపత్రీ ఒప్పందం ధరలు, నగదు ధర సహా అన్నీ కంప్యూటరు చదవగల ఫైలుగా పెట్టాలి. రోగి ముందుగా ఎంచుకోగల 300 సేవల ధరలు మామూలు మనిషికి అర్థమయ్యేలా చూపాలి. వాటిలో 70 ప్రభుత్వమే నిర్ణయించింది. ఆ 70లో మోకాలి ఎమ్మార్ఐ ఉంది.

మొదట్లో జరిమానా రోజుకు 300 డాలర్లు. పెద్ద ఆసుపత్రికి అదొక లెక్క కాదు. 2022 నుంచి పడకల సంఖ్యను బట్టి రోజుకు 5,500 డాలర్ల దాకా పెంచారు. ఆ ఏడాది జూన్‌లో మొదటి జరిమానాలు జార్జియాలోని రెండు నార్త్‌సైడ్ ఆసుపత్రులకు పడ్డాయి, అట్లాంటాలోని దానికి 8,83,180 డాలర్లు, చెరొకీలోని దానికి 2,14,320. 2022 జూలై నుంచి బీమా కంపెనీలూ తమ ఒప్పందం ధరలు బయటపెట్టాల్సి వచ్చింది. 2024 జూలై నుంచి ఆసుపత్రుల ఫైళ్లకు ఒకే నమూనా తప్పనిసరి అయింది. 2025 ఫిబ్రవరిలో అమలు గట్టిగా జరగాలని ట్రంప్ మళ్లీ ఆదేశం ఇచ్చాడు.

ఇంత బయటపెట్టాక రోగులు చవకైన చోటు వెతుక్కుంటున్నారా? మోకాలికి దగ్గరి సమాధానం ఒక పరిశోధనలో ఉంది. మైకేల్ చెర్న్యూ, జాక్ కూపర్, యూజీన్ లార్సన్ హాలాక్, ఫియోనా స్కాట్ మోర్టన్ కాళ్ల ఎమ్మార్ఐ తీయించుకున్న బీమాదారుల్ని పరిశీలించి 2018లో ఫలితాలు వెల్లడించారు. రోగి తన ఇంటి నుంచి పరీక్ష చేయించుకున్న చోటికి వెళ్లే దారిలో సగటున ఆరు చవకైన కేంద్రాలను దాటుకుని పోయాడు. ధరలు పోల్చే సాధనం వాడినవారు నూటికి ఒక్కరు కూడా లేరు. ఎక్కడికి వెళ్లాలో ఎక్కువగా నిర్ణయించింది రాసిచ్చిన డాక్టరే. డాక్టరు ఎప్పుడూ పంపే చోటికే పంపుతాడు, రోగి ఎదురు అడగడు. తప్పు రోగిది అనడం తేలిక. నొప్పితో కుంటుతూ ఉన్నవాడిని, చీటీ చేతిలో పెట్టి "కింది అంతస్తులో తీయించుకో" అన్నాక, సెల్‌ఫోనులో ధరల ఫైలు వెతకమనడం అత్యాశ.

అయినా ధర తెలియడం బొత్తిగా వృథా కాదు. న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రం 2007లోనే బీమాల వారీగా ఆసుపత్రి ధరలు చూపే వెబ్‌సైటు పెట్టింది. ఆర్థికవేత్త జాక్ బ్రౌన్ దాని ప్రభావాన్ని లెక్కగట్టి, ఇమేజింగ్ పరీక్షలకు రోగుల ఖర్చు 5 శాతం, బీమాల ఖర్చు 4 శాతం తగ్గిందని తేల్చాడు. తగ్గింపు చిన్నదే.

మేరీలాండ్ వేరే దారి పట్టింది. అక్కడ 1971లో ఏర్పడిన రాష్ట్ర కమిషన్ ఆసుపత్రి రేట్లను నిర్ణయిస్తుంది. 1977 నుంచి మెడికేర్‌తో సహా అందరూ ఆ రేటుకే కట్టాలి. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేకి బీమా ఉన్నవాడికో ధర, లేనివాడికో ధర అక్కడ ఉండదు. ఆసుపత్రికీ ఆసుపత్రికీ తేడా ఉంటుంది. ఆసుపత్రులు కాని ఇమేజింగ్ సెంటర్లు ఈ పద్ధతి కిందికి రావు. మెడికేర్ అక్కడ ఇతర రాష్ట్రాలకంటే ఎక్కువే చెల్లిస్తుంది. లోటుపాట్లున్నా, ఈ ధరల గందరగోళం ప్రకృతి సహజమేమీ కాదని, కోరుకుంటే సరిచెయ్యవచ్చని యాభై ఏళ్లుగా చూపుతున్న రాష్ట్రం అదొక్కటే.

తెలుగు కుటుంబాల్లో

అమెరికాలోని తెలుగు ఇళ్లలో మోకాలి ఎక్స్‌రే ప్రస్తావన తరచు వచ్చేది పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల వల్ల. సందర్శక వీసా మీద వచ్చినవాళ్లకి మెడికేర్ ఉండదు. వాళ్ల కోసం కొనే సందర్శక బీమాలు రెండు రకాలు. ఒక రకం, ఎక్స్‌రేకి ఇంత, డాక్టరును చూస్తే ఇంత అని ముందే రాసిన మొత్తమే ఇస్తుంది. ఆసుపత్రి బిల్లు ఎంతైనా మిగతాది కొడుకో కూతురో భరించాలి. రెండో రకం డిడక్టిబుల్ పోగా బిల్లులో శాతాన్ని చెల్లిస్తుంది, ప్రీమియం ఎక్కువ. ఏ రకమైనా, ఏళ్ల నాటి కీళ్ల అరుగుదలను పాత జబ్బుగా లెక్కించి సాధారణంగా తిరస్కరిస్తారు. మెట్లు దిగుతూ కాలు జారితే తీసిన ఎక్స్‌రే వేరు, పదేళ్ల నొప్పికి తీసిన ఎక్స్‌రే వేరు. గ్రీన్ కార్డు మీద వచ్చి 65 దాటిన తల్లిదండ్రులు ఐదేళ్లు వరుసగా నివాసం ఉన్నాక మెడికేర్‌ను డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. విద్యార్థులకైతే యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌ను ముందు అడగడం మేలు. బీమా లేనివారికి ఆదాయాన్ని బట్టి రుసుము తీసుకునే, ప్రభుత్వ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నాయి.

ఇండియాతో పోల్చి నవ్వుకోవడం మనవాళ్లకి అలవాటు. హైదరాబాదులోనో విజయవాడలోనో ప్రైవేటు డయాగ్నొస్టిక్ సెంటర్లో కొన్ని వందల రూపాయలతో పని అయిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాల్లో పరీక్షలు ఉచితం. జీతాలు, అద్దెలు అన్నీ వేరైన రెండు దేశాల అంకెలు పక్కపక్కన పెట్టడం న్యాయం కాదు. అమెరికాలో మెడికేర్ ఇచ్చే 40 డాలర్లు అక్కడి జీతాలతో చూస్తే అన్యాయమైన ధరేమీ కాదు. అసలు తేడా మరోచోట ఉంది. మన దగ్గర కౌంటరులో ముందు ధర చెప్తారు, డబ్బు కట్టాక తీస్తారు. అక్కడ ముందు తీస్తారు, ధర తర్వాత చెప్తారు.

రోగి చేయగలిగింది

అత్యవసరం కాని మోకాలి ఎక్స్‌రే అయితే డాక్టరును కోడు అడిగి, చీటీ పట్టుకుని ఆసుపత్రికి అనుబంధం కాని ఇమేజింగ్ సెంటరుకు ఫోను చేస్తే చాలు. ఆ నంబరు చెప్పి, చదివే రుసుముతో కలిపి నగదు ధర ఎంత, మా బీమాతో ఎంత అని రెండు ప్రశ్నలు అడగాలి. చీటీ మీద ఏ ఆసుపత్రి పేరు ముద్రించి ఉన్నా సాధారణంగా వేరే చోట తీయించుకోవచ్చు. బీమా నెట్‌వర్కులోనిదా కాదా, అంటే ఆ బీమాతో ఒప్పందం ఉన్న చోటా కాదా అన్నది ఒక్కటి చూసుకోవాలి.

2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం రెండు రక్షణలిచ్చింది. నెట్‌వర్కులో ఉన్న ఆసుపత్రికి వెళ్లిన రోగికి, అక్కడ చిత్రం చదివిన రేడియాలజిస్టు నెట్‌వర్కులో లేడన్న సాకుతో అదనపు బిల్లు పంపకూడదు. ఇందుకు రోగి చేత ముందే సంతకం పెట్టించుకున్నా చెల్లదు. బీమా లేని, లేదా బీమా వాడని రోగి అడిగితే మూడు పనిదినాల్లోగా ఖర్చు అంచనా రాసి ఇవ్వాలి. బిల్లు ఆ అంచనాకంటే 400 డాలర్లు గాని అంతకుమించి గాని ఎక్కువైతే, బిల్లు వచ్చిన 120 రోజుల్లో 25 డాలర్ల రుసుముతో ప్రభుత్వ విచారణకు పెట్టుకోవచ్చు. ఎక్స్‌రే ఒక్కదాని మీద 400 తేడా రావడం అరుదు కాబట్టి ఈ రెండో రక్షణ మోకాలికి అంతగా అక్కరకు రాదు. ఎమర్జెన్సీ బిల్లుకూ ఇది పనికిరాదు, అంచనా ముందు చేతిలో ఉంటేనే తప్ప.

బిల్లు ఇప్పటికే వచ్చి ఉంటే వెంటనే కట్టెయ్యకండి. కోడు వారీగా వివరమైన బిల్లు అడగండి, మూడు చిత్రాలు తీస్తే నాలుగు చిత్రాల కోడు పడిందేమో చూడండి, ఆర్థిక సహాయం దరఖాస్తు పంపండి, నగదు ధరకి మార్చమని అడగండి. 2023 ఏప్రిల్ నుంచి 500 డాలర్లలోపు వైద్య బాకీలను ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ క్రెడిట్ రిపోర్టుల్లో చూపించడం లేదు. కాబట్టి అడిగి తేల్చుకోవడానికి వ్యవధి ఉంది.